కుడివైపు తిరగండి

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో
జిరాక్స్ షాపు మీద మేడగది నాది.
పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాను, వీసా కాగితాలు నింపుతాను,
అడిగినవాళ్ళకి బిల్లు వెనక పెన్సిల్‌తో
సింగపూర్ పార్కు గీసిస్తాను.

"గేటు తియ్యకముందే అరగంట నిలబడండి.
తీశాక అందరూ ఎడంపక్కకి పరిగెడతారు,
బొమ్మల కోట అటే కనిపిస్తుంది మరి.
మీరు కుడివైపు తిరగండి.
చివరిదాకా పోయి, చివర్నించి వెనక్కి రండి.
భోజనం పదకొండుకే కానిచ్చెయ్యండి.
ఊరేగింపు మొదలయ్యాక
జనమంతా తాళ్ళ వెంట చేరతారు చూడండి,
అప్పుడు ఎక్కండి పెద్ద రైలు.
మంగళవారమైతే మరీ మంచిది."

నేను విశాఖ విమానాశ్రయం దాటలేదు.
అదైనా లోపలికి కాదు,
అద్దానికి ఇవతల, పేరు రాసిన అట్ట పట్టుకుని.

మరెలా తెలుసంటారా?
రథసప్తమి రాత్రి, అరసవల్లి,
తొమ్మిదేళ్ళవాణ్ణి, చెప్పులు కాసేవాణ్ణి.
జతకి పావలా.
జనాన్ని మోకాళ్ళ కిందనించి చదివాను.
వరస వానపాములా సాగుతుంది, మళ్ళీ కూడుకుంటుంది.
పాలు ఒలికినచోట అందరూ ఒకేపక్కకి ఒరుగుతారు.
భయపడ్డవాడు గోడ పట్టుకుంటాడు,
గోడ పట్టుకున్నవాడే అందరికన్నా ఆఖర్న చేరతాడు.
తెల్లారగట్ల, పాలబిందెలవాళ్ళు బయటికొచ్చి
తక్కినవాళ్ళు ఇంకా కదలని మధ్యలో
గుక్కెడంత ఖాళీ పుడుతుంది.
ఆ గుక్కెడులోంచే మా అమ్మ
నెత్తిన జిల్లేడాకుతో నన్ను లోపలికి తోసేసేది.

బూట్లు వేసుకున్నా జనం జనమే.

మొన్న నరసన్నపేట రంగులకొట్టాయన వచ్చాడు,
పొట్నూరు వరహాలుగారు.
పెయింటు కంపెనీవాళ్ళిచ్చిన టిక్కెట్లు రెండు.
ఎన్ని డబ్బాలు అమ్మితే వచ్చాయో
వేళ్ళమీద లెక్క చెప్పాడు.
పక్కన కాంతామణిగారు ఏమీ మాట్లాడలేదు.
నా పటం తీసుకుని నాలుగు మడతలు పెట్టి
చిల్లర పర్సులో దాచుకున్నారు.

నెల తిరిగాక ఆవిడ ఒక్కరే మెట్లెక్కి వచ్చారు.
చేతిలో చాక్లెట్టు,
దార్లో కరిగి, మళ్ళీ ఇంకో ఆకారంలో గట్టిపడ్డది.

"నువ్వు సెప్పినట్టే ఎల్లినాం బాబూ.
ఊరేగింపు ఏళకి పెద్ద రైల్లో మేవిద్దరవే.
ఎనకాల సీట్లన్నీ ఖాళీ.
పైకెల్లీసరికి మాయన అరిసినాడు.
పెళ్ళయి ఇరవయ్యారేళ్ళు, ఆ అరుపు నానెప్పుడూ ఇన్నేదు.
కొట్లో 'రండమ్మా', ఇంట్లో 'ఊఁ', అంతే ఆ గొంతు.
కిందికి దిగి, సిగ్గుపడి,
ఇంకోపాలి ఎక్కుదామా అన్నాడు.
అయిదుసార్లు ఎక్కినాం.
నానూ అరిసినాను గానీ
ఏటని అరిసినానో నీకు సెప్పను."

తర్వాత పర్సులోంచి పటం తీసి బల్లమీద పరిచారు.
మడతలు చెమటకి నలిగి, కోట సగం చెరిగిపోయింది.
"ఒకటి మర్సిపోయినావు.
ఇక్కడ, సీపుర్లు దాసే గది ఎనకాతల
బెంచీ ఒకటుంది. నువ్వు గియ్యనేదు.
అటేపు ఎవులూ రారు.
మద్యాన్నమంతా అక్కడే కూకున్నాం,
మరింక ఏదీ ఎక్కనేదు."

గేటు తీసినప్పుడు చప్పుడెలా ఉంటుందమ్మా అని అడిగాను.
కాసేపు ఆలోచించారు.
"గేటేటి బాబూ, గేటే."

ఆవిడ వెళ్ళాక పెన్సిల్ చెక్కుకుని
అసలు పటంలో, కుడిపక్కన, చిన్న గీతలు నాలుగు గీశాను.

ఇవాళ పాలకొండనించి డాక్టరుగారూ భార్యా,
కుర్చీలో కుదురుగా కూర్చోని ఇద్దరు పిల్లలూ.
గేటు సంగతి చెప్పాను, మంగళవారం చెప్పాను,
కుడివైపు తిరగమన్నాను.
"చీపుర్ల గది వెనక బెంచీ ఉంటుందండి.
ఒక కాలు కాస్త పొట్టి.
కూర్చుంటే కొంచెం ఊగుతుంది."

కాలు పొట్టి అని
ఆవిడ నాతో చెప్పలేదు.